తక్కువ ధర స్మార్ట్‌వాచ్‌ను విశాఖలో వాడుకోవడం ఎలా?

పదిహేను వందల రూపాయల నుంచి మూడు వేల లోపు ధరలో స్మార్ట్‌వాచ్ కొన్నవారు, కొనబోతున్నవారు, దానితో రోజూ చిరాకు పడకుండా ఎలా నెట్టుకురావచ్చో చెప్పడానికే ఈ వ్యాసం. నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్ వంటి పేర్లతో ఈ ధరలో వచ్చే వాచీలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. లోపల ఆండ్రాయిడ్ ఉండదు, ఫోన్‌లో లాగా కావలసిన యాప్‌లు వేసుకునే వీలుండదు, ఎక్కువ వాటిలో సొంత జీపీఎస్ కూడా ఉండదు. టైము చూపడం, ఫోన్ మోగినప్పుడు మణికట్టు మీద వైబ్రేట్ కావడం, అడుగులను ఉజ్జాయింపుగా లెక్కపెట్టడం, గుండె వేగంలో వచ్చే హెచ్చుతగ్గులను రోజుల తరబడి నమోదు చేయడం, ఈ పనుల వరకు అవి బాగానే చేస్తాయి. డబ్బా మీద అచ్చువేసిన మిగతా గొప్పల్లో చాలావాటిని అమ్మకం కోసం రాసినవిగా భావించడమే క్షేమం. ఏ పనికి నమ్మవచ్చో, ఏ పనికి నమ్మకూడదో ముందే తేల్చుకుంటే ఈ ధరకు ఇది మంచి బేరమే. విశాఖలో ఉండేవారికి మాత్రం చెమట, ఉప్పుగాలి అనే రెండు అదనపు చిక్కులు ఉన్నాయి. వాటి సంగతి కొంచెం వివరంగానే చెప్పుకోవాలి.

దుకాణంలో చూడవలసినవి

ఆన్‌లైన్‌లో వందో రెండు వందలో తగ్గినా, మొదటిసారి కొంటున్నవారు డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో ఒక దుకాణానికి వెళ్లి, చేతికి పెట్టుకొని చూసి కొనడమే మేలు. ట్యూబులైటు వెలుగులో ధగధగలాడిన తెర బీచ్ రోడ్డు ఎండలో వెలవెలబోవచ్చు కనుక, దుకాణదారును అడిగి వాచీని గుమ్మం బయటికి తెచ్చి, ఎండలో టైము చదవడానికి వీలుగా ఉందో లేదో చూడండి. అమోలెడ్ తెర ఉన్న వాచీలో నల్లటి డయల్ పెట్టుకుంటే, నలుపు ఉన్నంత మేరా తెర వెలగదు కాబట్టి బ్యాటరీ కొంత ఆదా అవుతుంది. మామూలు ఎల్‌సీడీ తెరకు వెనుక దీపం మొత్తం వెలుగుతూనే ఉంటుంది. దానికి ఏ రంగు డయల్ పెట్టినా ఖర్చు ఒక్కటే.

ఆ తరువాత చేయవలసిన పరీక్షను మన భాషవాళ్లు తప్ప ఎవరూ చేయరు, కంపెనీలు కూడా చేస్తున్నట్టు కనిపించదు. వాచీని ఫోన్‌కు కలిపించి, ఇంట్లోవాళ్లతో ఒక తెలుగు సందేశం వాట్సాప్‌లో పంపించమనండి. కొన్ని వాచీల్లో అక్షరాల బదులు వరుసగా ఖాళీ గళ్లు వస్తాయి. మరికొన్నిటిలో అక్షరాలు వస్తాయి గానీ గుణింతాలూ ఒత్తులూ దేనికది విడిపోయి, ‘స్త్రీ’ అన్న మాటలో సకారం ఒకచోట, తకారం ఒకచోట, రావత్తు ఇంకెక్కడో పడి ఉంటాయి. ఇంట్లో అందరూ తెలుగులోనే సందేశాలు పంపుకునే అలవాటు ఉన్నవారికి ఈ ఒక్క లోపం చాలు, వాచీ తెచ్చుకున్న ప్రయోజనం సగం పోవడానికి. అప్‌డేట్‌లో బాగవుతుందని అమ్మేవారు చెబితే ఆ మాట నమ్మి కొనకండి. ఇప్పుడు కనిపించేదే మీకు దక్కేది.

చార్జింగ్ వైరునూ బెల్టునూ కూడా ఒకసారి చూడండి. ఈ వాచీల వైర్లు అయస్కాంతంతో అతుక్కునే రెండు పిన్నుల రకం. పిన్నుల మధ్య ఎడం ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్కింటివారి వైరు మీ వాచీకి పనికిరాకపోవచ్చు. అదనపు వైరు దొరుకుతుందా అని కొనేటప్పుడే అడగండి. బెల్టు 20 లేదా 22 మిల్లీమీటర్ల మామూలు కొలతలో ఉంటే, చినిగినప్పుడు ఏ వాచీ దుకాణంలోనైనా వేరేది దొరుకుతుంది. జీఎస్టీ బిల్లు తీసుకొని వెంటనే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే థర్మల్ కాగితం మీద అచ్చయిన బిల్లు వారంటీ గడువు తీరే లోపే వెలిసిపోతుంది.

ఫోన్‌తో జత చేయడం

మొదట వాచీని పూర్తిగా చార్జ్ చేయండి. ఇప్పటి ఫోన్ల ఫాస్ట్ చార్జర్‌కు గుచ్చకుండా, పాత ఫోన్‌తో వచ్చిన 5 వోల్టుల మామూలు అడాప్టర్‌కో, కంప్యూటర్ యూఎస్‌బీకో పెట్టండి. వాచీలో ఉండే చిన్న బ్యాటరీకి అంతకు మించిన శక్తి అవసరం లేదు.

ఫోన్ బ్లూటూత్ జాబితాలో వాచీ పేరు కనిపించగానే దాన్ని నొక్కేయడం చాలామంది చేసే పని. అలా చేయకండి. వాచీతో వచ్చిన చిన్న పుస్తకంలో ఇచ్చిన యాప్‌ను ప్లేస్టోర్ నుంచి దింపుకొని, కంపెనీ పేరు సరిచూసుకొని, ఆ యాప్ లోపలి నుంచే వాచీని జత చేయాలి. బ్లూటూత్ కాలింగ్ ఉన్న వాచీ అయితే, మాట్లాడటానికి సంబంధించిన రెండో పేరు ఆ తరువాత విడిగా కనిపిస్తుంది; దానికి అనుమతి ఇస్తేనే కాల్స్ వాచీలో వినిపిస్తాయి. యాప్ అడిగే అనుమతుల్లో ‘నియర్‌బై డివైసెస్’ ఇవ్వక తప్పదు. ఆండ్రాయిడ్ 12 కంటే పాత ఫోన్లలో అదే పనికి లొకేషన్ అనుమతి అడుగుతుంది, అది కూడా న్యాయమైనదే. ఫోన్ చేసినవారి పేరు వాచీలో కనిపించాలంటే కాంటాక్ట్స్ అనుమతి కావాలి. ఫొటోలూ ఫైళ్లూ చూస్తానంటే మాత్రం, మీ ఫొటోను డయల్‌గా పెట్టుకోవాలన్న కోరిక లేనప్పుడు ఇవ్వనవసరం లేదు.

నోటిఫికేషన్ల అనుమతి దగ్గర కొంచెం ఆగి ఆలోచించండి. ఇది ఇస్తే ఫోన్‌కు వచ్చే ప్రతి సందేశాన్నీ ఆ యాప్ చదవగలుగుతుంది, బ్యాంకు ఓటీపీతో సహా. మద్దిలపాలెంలో కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకొని నిలబడ్డప్పుడు మీ మణికట్టు సరిగ్గా పక్కవారి కళ్ల ఎదుట ఉంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అందుచేత యాప్‌లోకి వెళ్లి, ముందు అన్నిటినీ ఆపివేసి, తరువాత కాల్స్, వాట్సాప్, మీ ఉద్యోగానికి తప్పనిసరైన మరొక్కటి, వీటిని మాత్రమే తిరిగి తెరవండి. బ్యాంకు యాప్‌లను మూసి ఉంచండి. ఓటీపీలు వచ్చేది ఎక్కువగా ఎస్సెమ్మెస్ ద్వారానే కాబట్టి దాన్ని కూడా మూయడమే నా సలహా. ఈ రోజుల్లో ఎస్సెమ్మెస్‌లో వచ్చేదాంట్లో మణికట్టు మీద వెంటనే చూడవలసింది పెద్దగా ఉండదు.

ఇక అసలు చిక్కు. సాయంత్రం వరకు బాగా పనిచేసిన వాచీ రాత్రికి ఫోన్‌తో తెగిపోయిందని, సందేశాలు రావడం లేదని, వాచీ పాడైపోయిందని అనుకొని దుకాణానికి పట్టుకెళ్లేవారు ఎందరో. ఎక్కువ సందర్భాల్లో లోపం వాచీది కాదు, ఫోన్‌ది. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు బ్యాటరీని ఆదా చేయడానికి, తెర మీద లేని యాప్‌లను కొంతసేపటి తరువాత తామే మూసివేస్తాయి. యాప్ మూతపడితే వాచీకి సమాచారం అందించేవారు ఉండరు. కాబట్టి ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, ‘ఆటోస్టార్ట్’ ఆన్ చేయండి. బ్యాటరీ అన్నచోట ఏ ఆంక్షా లేకుండా పనిచేయనిచ్చే ఎంపికను ఎంచుకోండి. దాని పేరు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది. ఈమధ్య వాడిన యాప్‌లు వరుసగా కనిపించే తెరలో ఆ యాప్‌కు తాళం గుర్తు వేయండి. అన్నీ తుడిచేసే బటన్‌ను గంటకోసారి నొక్కే అలవాటు ఉన్నవారికి ఈ తాళమే రక్ష. ఫోన్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఈ సెట్టింగులు మొదటికి రావచ్చు, అందువల్ల అప్‌డేట్ తరువాత మరొకసారి చూసుకోవాలి.

బ్యాటరీ

డబ్బా మీద ఏడు రోజులని ఉంటే, అది దాదాపు అన్ని సదుపాయాలూ ఆపి ఉంచినప్పటి మాట. బ్లూటూత్ కాలింగ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే రెండు మూడు రోజులకు పడిపోవడం మామూలే. చేయి ఎత్తగానే తెర వెలిగే సదుపాయాన్ని రాత్రిపూట ఆపండి, గుండె వేగాన్ని నిరంతరం కాకుండా పది నిమిషాలకోసారి కొలిచేలా పెట్టండి, కాలింగ్ అవసరమైనప్పుడే తెరవండి. బ్యాటరీ పూర్తిగా అడుగంటే దాకా ఆగకుండా రోజూ స్నానానికి వెళ్లేటప్పుడు తీసి చార్జింగ్‌కు పెట్టే పద్ధతి అన్నిటికంటే సుఖం. వాచీ నీటికి దూరంగా ఉంటుంది, చార్జింగ్ మరచిపోవడం ఉండదు.

అడుగుల లెక్క

వాచీలో ఉండే యాక్సిలరోమీటర్ చేతి ఊపును చూసి అడుగును ఊహిస్తుంది, కాలిని చూసి కాదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే దాని పొరపాట్లన్నీ అర్థమవుతాయి. గతుకుల రోడ్డు మీద గాజువాక దాకా స్కూటరు నడిపి వస్తే, నడవని అడుగులు ఖాతాలో చేరతాయి. సూపర్ మార్కెట్లో బండి తోసుకుంటూ అరగంట తిరిగితే, చేయి ఊగలేదు కాబట్టి నడిచిన అడుగులు చేరవు. మీరు ఎక్కువగా వాడని చేతికి వాచీ పెట్టుకొని, ఏ చేయో యాప్‌లో సరిగా చెప్పి, ఎత్తూ బరువూ నిజంగా ఉన్నవే నమోదు చేయండి; అడుగు పొడవును వాచీ మీ ఎత్తును బట్టే అంచనా వేస్తుంది. నాలుగు వందల మీటర్ల ట్రాక్ అందుబాటులో ఉంటే దాని మీద లోపలి గీత వెంట రెండు చుట్లు నడిచి, వాచీ ఎంత చూపిందో చూడండి. ఎనిమిది వందల మీటర్లకు బదులు తొమ్మిది వందలు చూపితే, అది ఎప్పుడూ అంత ఎక్కువే చూపుతుందని లెక్క వేసుకోవచ్చు.

రోజుకు పదివేల అడుగులు అన్న అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. అది వైద్యులు పరిశోధించి నిర్ణయించింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మాన్పో-కే’ (అంటే పదివేల అడుగుల మీటరు) అనే పరికరం పేరుతో ప్రచారంలోకి వచ్చింది. మొదటి వారం లక్ష్యమేమీ పెట్టుకోకుండా మామూలుగా తిరిగి, వచ్చిన సగటుకు ఒక వెయ్యి కలిపి దాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. కైలాసగిరి మెట్లెక్కేవారు ఒక సంగతి గమనించాలి: ఈ ధర వాచీల్లో ఎత్తును కొలిచే బారోమీటర్ సాధారణంగా ఉండదు, కనుక బీచ్ రోడ్డు మీది చదునైన వెయ్యి అడుగులకూ కొండెక్కిన వెయ్యి అడుగులకూ అది దాదాపు ఒకే విలువ కడుతుంది. కేలరీల అంకెను పట్టించుకోకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

సింహాచలం గిరి ప్రదక్షిణకు వాచీ పెట్టుకొని వెళ్లేవారు ముందుగానే సిద్ధం కావాలి. సుమారు 32 కిలోమీటర్ల నడక, రాత్రంతా సాగేది. వాచీలో నడక మోడ్ తెరిస్తే దూరం కోసం అది ఫోన్ జీపీఎస్‌ను వాడుకుంటుంది, దానితో తెల్లారేసరికి అడుగంటేది ఫోన్ బ్యాటరీయే. తప్పిపోయిన ఇంటివారిని వెతుక్కోవడానికి ఫోనే అవసరమైన రాత్రి అది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరేటప్పుడు నడక మోడ్ తెరవకుండా, మామూలు అడుగుల లెక్కతో సరిపెట్టుకోండి. అలసట పెరిగే కొద్దీ అడుగు పొట్టిదవుతుంది గానీ వాచీ పాత పొడవుతోనే గుణిస్తుంది కాబట్టి, చివరికి వచ్చేసరికి అసలు దూరం కంటే ఎక్కువ చూపితే ఆశ్చర్యపోకండి.

గుండె వేగం, బీపీ, చక్కెర, నిద్ర

వాచీ వెనుక మెరిసే పచ్చ దీపం చర్మం మీద పడి తిరిగి వచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి గుండె వేగాన్ని లెక్కగడుతుంది. అందుకు వాచీ చర్మానికి ఆని ఉండాలి. మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, జారిపోనంత బిగువుగా, గుర్తు పడనంత వదులుగా పెట్టుకోండి. కుదురుగా కూర్చున్నప్పుడు చూపే అంకె నమ్మదగినదిగానే ఉంటుంది. పరుగులో, బరువులెత్తేటప్పుడు, చెమటకు వాచీ జారేటప్పుడు అది తప్పవచ్చు. ఒక్కసారి చూపిన అంకె కంటే, ఉదయం లేచిన వెంటనే చూపే అంకె వారాల తరబడి ఎటు పోతోందన్నది ఉపయోగకరమైన సమాచారం. పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 వరకు మామూలు పరిధి.

వాచీ చూపే బీపీని మాత్రం చూడనే వద్దు, వీలైతే ఆ పేజీనే దాచేయండి. చేతి చుట్టూ పట్టీ బిగించి గాలితో ఒత్తిడి పెట్టకుండా, దీపం వెలుగుతో ఈ ధరలో చూపే బీపీ అంచనాయే తప్ప కొలత కాదు. కొన్ని వాచీలను చుట్ట చుట్టిన తువ్వాలుకు తొడిగినా గుండె వేగం చూపిస్తాయి. మీ వాచీ ఏం చేస్తుందో ఇంట్లోనే ఒకసారి పరీక్షించి చూడండి, దాని మీద ఎంత భరోసా పెట్టుకోవాలో తెలిసిపోతుంది. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర చెబుతామనే వాచీల జోలికి పోవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పెద్దవారికి బీపీ ఉంటే, వాచీ కంటే ముందు జబ్బకు కట్టే బీపీ మిషన్ కొనండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినప్పుడు వాచీ అంతా బాగుందని చూపినా దాన్ని లెక్కచేయక 108కి ఫోన్ చేయండి.

నిద్ర లెక్క సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారన్నది దాదాపు సరిగానే చెబుతుంది. గాఢనిద్ర ఎన్ని నిమిషాలన్నది ఊహ. కదలకుండా పడుకొని సినిమా చూసినా దాన్ని నిద్ర కింద జమకట్టే అవకాశం ఉంది.

నీరు, చెమట, ఉప్పుగాలి

ఐపీ67 అంటే ఒక మీటరు లోతు మంచినీటిలో అరగంట ఉంచి పరీక్షించారని అర్థం. ఐపీ68 అంటే అంతకంటే కఠినమైన పరీక్ష, దాని లోతూ సమయమూ కంపెనీ చెప్పాలి. రెండూ కదలని మంచినీటితో, కొత్త వాచీ మీద చేసిన పరీక్షలు. రుషికొండలో అల వచ్చి కొట్టే ఒత్తిడికి, ఉప్పునీటికి, గీజరు నీటి ఆవిరికి, సబ్బు నురగకు ఆ హామీ వర్తించదు. పైగా అంచుల్లోని జిగురూ రబ్బరూ వాడకంతో వదులవుతాయి, నీళ్లు లోపలికి పోతే వారంటీ ఇవ్వని కంపెనీలే ఎక్కువ. కాబట్టి వానకు తడవనివ్వండి, చేతులు కడుక్కునేటప్పుడు ఉండనివ్వండి, సముద్రంలో దిగేటప్పుడూ వేడినీటి స్నానానికీ తీసేయండి.

మన ఊళ్లో ఈ వాచీలకు వచ్చే చేటు ఒక్కసారిగా నీళ్లు పోవడం వల్ల కంటే, రోజూ కొంచెం కొంచెం ఉప్పు చేరడం వల్ల ఎక్కువ. వాచీని వెనక్కి తిప్పి చార్జింగ్ పిన్నులను వెలుగులో చూడండి. బంగారు రంగులో ఉండవలసిన చుక్కల చుట్టూ పచ్చటి పొరో నల్లటి మచ్చో కనిపిస్తే తుప్పు మొదలైనట్టే. చెమట తడి ఆరకుండా చార్జింగ్‌కు పెడితే, ఉప్పు తడి మీదుగా రెండు పిన్నుల మధ్య విద్యుత్తు పారి లోహాన్ని వేగంగా తినేస్తుంది. అందువల్ల బీచ్ రోడ్డులో నడిచి వచ్చిన ప్రతిసారీ ముందు తడిబట్టతో వెనుక భాగాన్ని తుడిచి, పొడిబట్టతో ఆరనిచ్చి, ఆ తరువాతే వైరు తగిలించాలి. వారానికొకసారి దూదిపుల్లకు కొంచెం సర్జికల్ స్పిరిట్ అద్ది వాచీ పిన్నులనూ వైరు పిన్నులనూ తుడవండి. మచ్చ ముదిరితే పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దవచ్చు. బ్లేడుతోనో సూదితోనో గీకితే పైపూత లేచిపోయి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఉక్కపోతలో సిలికాన్ బెల్టు కింద చెమట నిలిచి దురద, ఎర్రటి దద్దుర్లు రావడం సాధారణం. రోజుకు కొన్ని గంటలు చేయి ఖాళీగా ఉంచండి, బెల్టును విడదీసి పలుచటి సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. నైలాన్ బెల్టు గాలి ఆడనిస్తుంది గానీ చెమటను పీల్చుకొని వాసన వస్తుంది, అందుచేత రెండు కొని మార్చి మార్చి వాడాలి. తోలు బెల్టు ఈ ఊరి వాతావరణానికి పనికిరాదు.

ఎక్కడ తీసేయాలి

నేవీ ఆవరణలోకి, షిప్‌యార్డులోకి, పోర్టులోకి, రిఫైనరీ లోపలికి పని మీద వెళ్లేవారు గేటు దగ్గర భద్రతా సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. మండే వాయువులుండే చోట మామూలు ఎలక్ట్రానిక్ వస్తువులేవీ అనుమతించరు, స్మార్ట్‌వాచీకి మినహాయింపు లేదు. యంత్రాల మీద పనిచేసేవారు ఏ వాచీ అయినా తీసేసే పనిలోకి దిగాలి. బండి నడిపేటప్పుడు వైబ్రేట్ అయిన ప్రతిసారీ మణికట్టు వైపు చూడకుండా ఉండాలంటే, బయలుదేరే ముందు డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి.

మొరాయించినప్పుడు

సందేశాలు ఆగిపోతే ముందు ఫోన్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. తరువాత యాప్‌ను బలవంతంగా ఆపి మళ్లీ తెరవండి, పైన చెప్పిన బ్యాటరీ సెట్టింగులు చూడండి. అప్పటికీ కుదరకపోతే యాప్‌లోనూ బ్లూటూత్ జాబితాలోనూ వాచీని తొలగించి కొత్తగా జత చేయండి. రీసెట్ చివరి మాట, ఎందుకంటే ఫోన్‌కు చేరని లెక్కలన్నీ దానితో పోతాయి. వాచీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేటప్పుడు చార్జ్ సగానికి పైగా ఉండాలి, ఫోన్ పక్కనే ఉండాలి. మధ్యలో తెగితే వాచీ మళ్లీ లేవకపోవచ్చు.

రెండు మూడేళ్లకు బ్యాటరీ నీరసించడం సహజం. దాన్ని మార్పించడానికయ్యే ఖర్చుకు ఇంకొంచెం వేసుకుంటే కొత్త వాచీయే వస్తుంది. తెర గానీ వెనుక మూత గానీ అంచు దగ్గర పైకి లేచినట్టు కనిపిస్తే లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని నొక్కి సరిచేయాలని చూడకండి, మళ్లీ చార్జింగ్‌కు పెట్టకండి. పాత వాచీని ఎవరికైనా ఇచ్చే ముందు ముందుగా యాప్‌లో మీ ఖాతాను తొలగించి, ఆ తరువాత వాచీని రీసెట్ చేయండి. పారేయవలసి వస్తే మాత్రం తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోటికో, పాత వస్తువులు తీసుకునే దుకాణానికో విడిగా ఇవ్వండి.